సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తే సరిపోతుందా? వైరస్ సోకిన కంప్యూటర్‌కు ఏ దారి మేలు

మా వీధి చివర ఒక జిరాక్స్ షాపు ఉంది. డీటీపీ పని కూడా అక్కడే చేస్తారు. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, షాపుల ప్రారంభోత్సవ కరపత్రాలు అన్నీ ఒకే కంప్యూటర్‌లో తయారవుతాయి. ఒక ఉదయం షాపు యజమాని కబురు పెట్టారు. ఎవరి పెన్‌డ్రైవ్ పెట్టినా లోపలి ఫోల్డర్లు మాయమై వాటి స్థానంలో షార్ట్‌కట్‌లు కనిపిస్తున్నాయట. "సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టేద్దామండీ. డి లో పదేళ్ల కార్డులు ఉన్నాయి, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు" అన్నారు. అలాగే చేశాం. సాయంత్రానికి కొత్త విండోస్ సిద్ధమైంది. ఆయన డి డ్రైవ్‌లోని 'సాఫ్ట్‌వేర్స్' ఫోల్డర్ తెరిచి ప్రింటర్ డ్రైవరు, పీడీఎఫ్ రీడరు, ఫాంట్లు వరసగా ఎక్కించుకున్నారు. మర్నాడు పెట్టిన మొదటి పెన్‌డ్రైవ్‌లోనే మళ్లీ షార్ట్‌కట్‌లు.

స్కాన్‌లో తేలిన పేరు ర్యామ్‌నిట్. 2010 నుంచి తిరుగుతున్న పాత వైరస్. శాలిటీ, వైరట్ కూడా ఈ జాతివే. ఇవి ఒక మూల కూర్చుని ఊరుకోవు. కంప్యూటర్‌లో ఉన్న ప్రతి డ్రైవ్‌లోకీ వెళ్లి, కనిపించిన ప్రతి ప్రోగ్రాము ఫైలులోనూ తమ కోడ్‌ను అతికిస్తాయి. ర్యామ్‌నిట్ అయితే వెబ్ పేజీల ఫైళ్లను కూడా వదలదు. మేము సి డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచేశాం, డి లోని ప్రింటర్ డ్రైవరుతో పాటు ఆ వైరస్‌ను తిరిగి లోపలికి తెచ్చుకున్నాం.

అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒక్కటే: తుడిచిన తర్వాత తిరిగి ఏమేమి తెచ్చుకోబోతున్నారు? ఏ పద్ధతిలో తుడవాలన్నది దాని తర్వాతి సంగతి. కింద చెప్పే దారులన్నింటినీ ఈ ప్రశ్న పక్కన పెట్టుకుని చూడండి, ఎంపిక సులువవుతుంది.

అసలు తుడవాల్సిన అవసరం ఉందా

ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోము కదా. తెర కింది మూల నుంచి "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అంటూ డబ్బాలు ఎగిరి వస్తుంటే అది చాలాసార్లు వైరస్ కానే కాదు. ఎప్పుడో ఏదో సైటులో 'అలో' నొక్కి ఉంటారు, ఆ సైటు నోటిఫికేషన్లు పంపుతోంది. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల అనుమతులు తెరిచి, తెలియని సైట్ల పేర్లన్నీ తీసేస్తే నిమిషంలో ఆగిపోతాయి. హోమ్ పేజీ మారిపోవడం, వెతికినదల్లా వేరే సైటుకు పోవడం సాధారణంగా ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) పని. వాటిని తీసేయండి. ఆ తర్వాత విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌లో ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. అది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి నక్కి ఉన్న వాటికి దాక్కునే వీలు తక్కువ. పావుగంట పని. భారత ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో కూడా ఉచిత శుద్ధి పరికరాలు దొరుకుతాయి.

అయితే కొన్ని సందర్భాల్లో స్కాన్‌ను నమ్మి ఊరుకోవద్దని గట్టిగా చెబుతాను. విండోస్‌నో ఆఫీసునో ఉచితంగా యాక్టివేట్ చేస్తుందని దొంగ ప్రోగ్రాము నడిపి ఉంటే, దాని కోసం మీరే డిఫెండర్‌ను ఆపి ఉంటే. బ్యాంకు వాళ్లమని చెప్పినవారు రిమోట్ యాప్ ద్వారా లోపలికి వచ్చి ఉంటే. "మీరు మనిషేనని నిరూపించుకోండి" అని చెప్పి, విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కించి ఏదో అతికించమన్న పేజీ మాట విని ఉంటే. డిఫెండర్ తనంతట తానే ఆగిపోతుంటే. తీసేసిన వైరస్ రెండోసారి కనిపిస్తే. వీటిలో ఏ ఒక్కటి జరిగినా డిస్కు తుడవడమే మంచిది. స్కానర్ పట్టుకున్నది బయటపెడుతుంది, పట్టుకోలేనిది ఎంత మిగిలిందో చెప్పలేదు.

విండోస్‌లోనే ఉన్న రీసెట్

సెట్టింగ్స్‌లో 'రీసెట్ దిస్ పీసీ' అని ఉంటుంది. ఇందులో రెండు రకాలు. ఫైళ్లు ఉంచి రీసెట్ చేయడం ఒకటి, అన్నీ తీసేసి చేయడం మరొకటి. మొదటిది కంప్యూటర్ నెమ్మదించినప్పుడు, అప్‌డేట్ చెడినప్పుడు పనికొచ్చే మందు. సోకిన యంత్రానికి వాడకండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టే మిగులుతాయి. దొంగ ప్రోగ్రాము ఎక్కువగా ఉండేది ఆ డౌన్‌లోడ్స్‌లోనే.

రెండోది ఫర్వాలేదు, కొన్ని షరతులతో. 'క్లౌడ్ డౌన్‌లోడ్', 'లోకల్ రీఇన్‌స్టాల్' అని రెండు దారులు చూపిస్తుంది. లోకల్ అంటే ఇప్పుడు కంప్యూటర్‌లో ఉన్న సిస్టమ్ ఫైళ్లతోనే కొత్త విండోస్ కట్టుకోవడం. అనుమానం ఉన్న యంత్రంలో అలా చేయడం దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకుంటే మైక్రోసాఫ్ట్ నుంచి కొత్త ఫైళ్లు దిగుతాయి, 4 జీబీ దాకా డేటా ఖర్చవుతుంది. తర్వాత వచ్చే పేజీలో సెట్టింగ్స్ మార్చి 'అన్ని డ్రైవ్‌లు', 'క్లీన్ డేటా' అనేవి ఆన్ చేయాలి. లేకపోతే డి డ్రైవ్ అలాగే ఉండిపోతుంది. ఇంకో కంప్యూటర్ అందుబాటులో లేనివారికి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడమంటే (కంప్యూటర్‌ను దాని నుంచి లేపడమంటే) భయపడేవారికి నేను చెప్పే దారి ఇదే. దీనిలో ఉన్న లోపం ఒకటే: ఈ పని మొదలుపెట్టేది సోకిన డిస్కులోనే ఉన్న రికవరీ భాగం.

సి ఒక్కటే ఫార్మాట్ చేయడం

మన దగ్గర ఎక్కువమంది కోరేది ఇదే. కంప్యూటర్ అమ్మినవాళ్లు ఒకే డిస్కును సి, డి, ఈ అని మూడు ముక్కలు చేసి ఇస్తారు. "ముఖ్యమైనవి డి లో పెట్టుకోండి, ఎప్పుడైనా ఫార్మాట్ చేసినా పోవు" అని చెబుతారు. విండోస్ చెడిపోయే రోజులకు ఆ సలహా బాగానే పనిచేసింది. వైరస్‌కు మాత్రం ఆ గోడలు అడ్డం కావు. పైన చెప్పిన షాపు కథ అందుకే. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సి పక్కనే కంటికి కనిపించని ఒక చిన్న ఈఎఫ్ఐ విభాగం ఉంటుంది, తరచుగా 100 ఎంబీ. విండోస్ లేవడానికి కావాల్సిన మొదటి ఫైళ్లు అందులో ఉంటాయి. 2023లో పరిశోధకులు వివరించిన బ్లాక్‌లోటస్ అనే బూట్‌కిట్ (విండోస్ కన్నా ముందే లేచే వైరస్) కాపురం పెట్టింది అక్కడే. సి ని ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఆ విభాగం జోలికి పోదు.

పెన్‌డ్రైవ్ నుంచి, అన్ని విభాగాలూ తీసేసి

నేను ఎక్కువగా ఎంచుకునే దారి ఇది. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. వేరే శుభ్రమైన కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని దాన్ని తయారు చేయాలి. 'వేరే కంప్యూటర్' అన్న మాట దాటేయకండి. సోకిన యంత్రంలోనే చేస్తే ఆ పెన్‌డ్రైవ్‌ను నమ్మలేం. ఎవరో జేబులో పెట్టుకు తిరిగే, అన్నీ ముందే యాక్టివేట్ చేసిన విండోస్ పెన్‌డ్రైవ్ అసలే వద్దు. అందులో ఎవరు ఏమి కలిపారో మనకు తెలియదు. పైగా అది ఎన్నేళ్ల నాటిదో కూడా తెలియదు. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా చుట్టుకున్నప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపగల అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. పాత విండోస్ ఎక్కించుకుంటే అలాంటి పాత తలుపులన్నీ తెరిచి పెట్టుకున్నట్టే.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యాక, విండోస్‌ను ఎక్కడ పెట్టాలి అని అడిగే తెర ఒకటి వస్తుంది. మొత్తం పనిలో నిదానంగా చూడాల్సింది ఆ ఒక్క తెరే. డ్రైవ్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 2 అని వరస కనిపిస్తుంది: 100 ఎంబీ సిస్టమ్, 16 ఎంబీ రిజర్వ్‌డ్, పెద్దవైన సి, డి, చివర రికవరీ. ఇక్కడ సి, డి అనే అక్షరాలు ఉండవు, సైజును బట్టి గుర్తుపట్టాలి. ఒక్కొక్కటీ ఎంచుకుని 'డిలీట్' నొక్కుతూ పోతే చివరికి ఒకే వరస మిగులుతుంది, అనలొకేటెడ్ స్పేస్ అని. దాన్ని ఎంచుకుని ముందుకు వెళ్తే కావాల్సిన విభాగాలను విండోస్ తానే చేసుకుంటుంది. రెండో హార్డ్‌డిస్కు ఉంటే ఈ తెరకు రాకముందే దాని తీగ పీకేయండి. డ్రైవ్ 0, డ్రైవ్ 1 తారుమారై పిల్లల ఫోటోలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఆ బాధ మాటల్లో చెప్పలేనిది.

రెండుచోట్ల మాత్రం కొందరు ఆగిపోతారు. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి లాప్‌టాప్‌లు కొన్నింటిలో ఆ తెర మీద డిస్కే కనిపించదు. డిస్కు చెడిందేమోనని కంగారు పడతారు. డిస్కును విండోస్‌కు చూపించే వీఎండీ అనే డ్రైవరు లేకపోవడం దీనికి కారణం. లాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి ఆ డ్రైవరును ముందే దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, 'లోడ్ డ్రైవర్' నొక్కి చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది. ఇన్‌స్టాల్ అయ్యాక వైఫై కనిపించకపోవడం రెండోది. అప్పుడు ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, మిగతా డ్రైవర్లు అప్‌డేట్‌లో అవే దిగుతాయి.

సున్నాలు రాయడం అవసరమా

డిస్కు మొత్తం సున్నాలతో నింపితే తప్ప వైరస్ చావదని నమ్మేవారు చాలామంది. విభాగాలు తీసేశాక పాత డేటా డిస్కు మీద అలాగే ఉంటుంది, నిజమే. కానీ దాన్ని చదివి నడిపించేవారు ఎవరూ లేరు. తీసేసిన విభాగంలోని వైరస్ తనంతట తాను లేచి రాదు. కాబట్టి మీరు వాడుకునే కంప్యూటర్‌కు సున్నాల తుడుపు వైరస్ నివారణ కోసం అక్కర్లేదు. అమ్మేటప్పుడు, ఎవరికైనా ఇచ్చేటప్పుడు కావాలి. అప్పుడది మీ గుట్టు కాపాడుకోవడానికి.

అలాంటి అవసరం ఉంటే హార్డ్‌డిస్కుకు ఒక పద్ధతి, ఎస్‌ఎస్‌డీకి (చిప్‌లలో దాచే కొత్త రకం డిస్కుకు) ఇంకో పద్ధతి. హార్డ్‌డిస్కులో, విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే పరికరం ఇచ్చే 'క్లీన్ ఆల్' ఆదేశం ప్రతి సెక్టారులోనూ సున్నా రాస్తుంది. ఉత్త 'క్లీన్' అయితే విభాగాల పట్టికను మాత్రమే తీసేస్తుంది. విండోస్ విస్టా నుంచి మామూలు ఫార్మాట్‌లో 'క్విక్' గుర్తు తీసేసినా సున్నాలే రాస్తుంది. 1 టీబీ డిస్కుకు రెండు మూడు గంటలు పడుతుంది. 35 సార్లు తిరగరాయాలన్న మాట 1996లో గట్‌మన్ అనే పరిశోధకుడు రాసిన వ్యాసం నుంచి వచ్చింది. అప్పటి డిస్కులు వేరు, ఇప్పటివి వేరు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014 మార్గదర్శకాల ప్రకారం ఒక్కసారి రాస్తే చాలు. ఎస్‌ఎస్‌డీ మీద మాత్రం ఇలా రాయడం నమ్మదగ్గది కాదు. అరుగుదల సమానంగా ఉండేందుకు ఎస్‌ఎస్‌డీ రాతను ఎప్పటికప్పుడు వేరే చోట్లకు మళ్లిస్తుంది, మనకు చూపించని నిల్వ స్థలం కూడా కొంత దాచుకుంటుంది. తయారీ సంస్థ ఇచ్చే ప్రోగ్రాములోనో, కొన్ని లాప్‌టాప్‌ల బయాస్‌లోనో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాములోనో) ఉండే 'సెక్యూర్ ఎరేజ్' వాడాలి. సాధారణంగా త్వరగా అయిపోతుంది, డిస్కు పెద్దగా అరగదు కూడా.

కొత్త డిస్కు

చేతిలో డబ్బు ఉంటే, లేదా పాత డిస్కులో ఉన్నది ఎంతో విలువైనదైతే, అన్నిటికన్నా నిశ్చింత ఇదే. పాతది తీసి పక్కన పెట్టి, చిన్న ఎస్‌ఎస్‌డీ కొని దానిలో విండోస్ ఎక్కించండి. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకం) తగిలినవారికి నేను ముందుగా చెప్పే మాట కూడా ఇదే. తాళం పడిన ఫైళ్లను కోపంతో చెరిపేయకండి. దొంగ సాఫ్ట్‌వేర్ వెంట వచ్చి ఎందరినో ఏడిపించిన స్టాప్ అనే ర్యాన్సమ్‌వేర్‌కు 2019 అక్టోబరులో ఎమ్సిసాఫ్ట్ సంస్థ ఉచిత తాళంచెవి విడుదల చేసింది. అన్ని రకాలకూ అది పనిచేయలేదు, కానీ డిస్కు దాచుకున్నవారికి ప్రయత్నించే అవకాశమైనా మిగిలింది. నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్ మరికొందరితో కలిసి 2016లో ప్రారంభించిన 'నో మోర్ ర్యాన్సమ్' సైటులో ఇలాంటి తాళంచెవులు ఉంటాయి. డబ్బు పోయి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి ఫిర్యాదు చేయండి. పాత డిస్కు సాక్ష్యంగా కూడా పనికొస్తుంది.

కొత్త డిస్కు వేసినా బతికి ఉండేవి కొన్ని ఉన్నాయి. 2018లో బయటపడ్డ లోజ్యాక్స్, 2022లో మూన్‌బౌన్స్ మదర్‌బోర్డు మీది చిప్‌లోనే చేరాయి. అవి ఎంచుకున్న లక్ష్యాల మీద జరిగిన గూఢచర్యంలో కనిపించినవి. జిరాక్స్ షాపులోనో, ఇంటి లాప్‌టాప్‌లోనో వాటి కోసం నిద్ర మానుకోనక్కర్లేదు. తయారీదారు సైటు నుంచి బయాస్ అప్‌డేట్ చేసి, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేనిదాన్ని మొదట్లోనే లేవనివ్వని రక్షణ) ఆన్‌లో ఉంచితే చాలు.

ఏవి తెచ్చుకోవాలి, ఏవి వదిలేయాలి

తుడవకముందు ఫైళ్లు తీసుకునేటప్పుడు సోకిన విండోస్‌ను అసలు లేపకండి. విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేయకుండానే నడపవచ్చు. దానిలోంచి ఫైళ్లు కాపీ చేస్తే విండోస్ వైరస్ నిద్రపోతూనే ఉంటుంది. డిస్కుకు బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండవచ్చు, ముందే చూసి కాగితం మీద రాసుకోండి.

ఫోటోలు, వీడియోలు, పీడీఎఫ్‌లు, మామూలు వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు తీసుకోండి. పేరు చివర ఈఎక్స్‌ఈ, ఎస్‌సీఆర్, బ్యాట్, వీబీఎస్, ఎల్‌ఎన్‌కే ఉన్నవన్నీ వదిలేయండి, ఎంత అవసరమైనవైనా సరే. ఫైలు పేర్ల పూర్తి చివరలు కనిపించేలా పెట్టుకుంటే ఫోటో పేరుతో ఉన్న ప్రోగ్రాములు బయటపడతాయి. మ్యాక్రోలు (ఫైలు లోపలే నడిచే చిన్న ప్రోగ్రాములు) ఉండే డాక్‌ఎమ్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ ఫైళ్లు మీరే చేసినవైతే తప్ప వద్దు. బ్రౌజర్ ప్రొఫైల్ ఫోల్డరును కాపీ చేయవద్దు. బ్రౌజర్ సెట్టింగ్స్‌ను గూగుల్ ఖాతాలో దాచిపెట్టే క్రోమ్ సింక్ సంగతి చాలామందికి తెలియదు. చెడ్డ ఎక్స్‌టెన్షన్‌ను సింక్ గుర్తుపెట్టుకుని, మీరు కొత్త విండోస్‌లో సైన్ ఇన్ కాగానే దాన్ని తిరిగి తెచ్చిపెడుతుంది. ముందుగా సింక్‌లో ఎక్స్‌టెన్షన్లను ఆపండి.

డీటీపీ షాపులవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. పేజ్‌మేకర్ ఫైళ్లు తెచ్చుకోండి. ప్రోగ్రాము, అను స్క్రిప్ట్ మేనేజర్, ఫాంట్లు మాత్రం పాత డి నుంచి కాకుండా అసలు సీడీ నుంచో, కొన్నచోటు నుంచో మళ్లీ ఎక్కించండి. ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే తెలుగు అంతా పిచ్చి అక్షరాలుగా కనిపిస్తుంది, ఫైలు పోయిందని భయపడి సేవ్ చేయకండి. ట్యాలీ వాడేవారు దాని డేటా ఫోల్డరుతో పాటు లోపలినుంచే బ్యాకప్ కూడా తీసుకోండి. జీఎస్టీ కోసం డిజిటల్ సంతకం టోకెన్ ఉంటే దాని డ్రైవరు ఎక్కడ దొరుకుతుందో ముందే చూసుకోండి. రిటర్ను గడువు రోజున వెతుక్కోవడం నరకం.

విండోస్ కీ గురించి దిగులొద్దు. విండోస్‌తో పాటు కొన్న లాప్‌టాప్ అయితే కీ సాధారణంగా మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ ఎక్కిస్తే తానే యాక్టివేట్ అవుతుంది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్‌లు 2026 అక్టోబరు 13 వరకే. యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉంటే నేరుగా విండోస్ 11కే వెళ్లండి. అంతకన్నా పాతదై, నెట్ చూడడానికీ ఉత్తరాలు రాసుకోవడానికీ మాత్రమే వాడేదైతే లినక్స్ మింట్ చక్కగా సరిపోతుంది, యూనికోడ్ తెలుగు బాగా వస్తుంది. అను, ట్యాలీ మీద బతికే షాపుకు అది కుదరదు.

డిస్కు తుడిస్తే పోనిది

పాస్‌వర్డ్‌లు దోచే రకం ఇప్పుడు ఎక్కువ. 2025 మార్చి 16 నుంచి మే 16 వరకు, రెండే నెలల్లో, లుమ్మా అనే దోపిడీ ప్రోగ్రాము సోకిన విండోస్ కంప్యూటర్లు 3,94,000కు పైగా ఉన్నట్టు మైక్రోసాఫ్ట్ గుర్తించింది. ఇవి బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లతో పాటు లాగిన్ కుకీలను (మీరు ఇప్పటికే లాగిన్ అయ్యారని సైటుకు చెప్పే గుర్తులను) కూడా ఎత్తుకుపోతాయి. కుకీ చేతిలో ఉంటే ఓటీపీ లేకుండానే మీ ఖాతాలోకి రావచ్చు. మీరు ఏ దారిలో తుడిచినా వెళ్లిపోయినవి వెనక్కి రావు. అందుకని డిస్కు జోలికి పోకముందే కంప్యూటర్‌ను నెట్ నుంచి తీసేసి, ఫోనులో కూర్చుని ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి వరసగా పాస్‌వర్డ్‌లు మార్చండి. ప్రతి ఖాతాలోనూ 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' తప్పకుండా నొక్కండి.

జిరాక్స్ షాపులో రెండోసారి కొత్త ఎస్‌ఎస్‌డీ వేశాం. కార్డుల ఫైళ్లు మాత్రమే మింట్‌లోంచి తీసుకున్నాం, సాఫ్ట్‌వేర్స్ ఫోల్డరును వదిలేశాం. రోజువారీ పనికి అడ్మిన్ అధికారం లేని ఖాతా పెట్టాం. వచ్చినవాళ్ల పెన్‌డ్రైవ్‌లకు బదులు వాట్సాప్‌లోనో, మెయిల్‌లోనో పీడీఎఫ్ పంపమని గోడకు కాగితం అంటించారు. పాత డిస్కు తేదీ రాసిన కవరులో, బీరువా పై అరలో ఉంది. ఆరు నెలలు చూసి, దానిలోంచి ఇంకేమీ అవసరం పడకపోతే క్లీన్ ఆల్ కొడదామని అనుకున్నాం.